బండల మధ్య సందు

కైవారలో వాన బండలోంచి దిగదు, బండకూ బండకూ నడుమనున్న సందులోంచి దిగుతుంది. ఈ సంగతి తెలియడానికి విజ్ఞానశాస్త్రం చదవక్కర్లేదు. ఆ ఊళ్లో రాతికప్పు కింద ఒక్క వానాకాలం గడిపినవాళ్లు ఎవరైనా చెబుతారు. శాస్త్రంతో పనిపడేది ఆ తర్వాతి ప్రశ్నకు: ఏటా పూడుస్తున్న సందు ఏటా మళ్లీ ఎందుకు నోరు తెరుస్తుంది?

2007లో కోలారు నుంచి విడివడిన చిక్కబళ్లాపురం జిల్లాలో, చింతామణి తాలూకాలో ఉంది కైవార. గాజులమ్ముకుంటూ ఊళ్లు తిరిగి, ఆనక యోగి అయి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పిన కైవార తాతయ్య ఊరు. చుట్టూ గుట్టలు. గుట్టల నిండా గ్రానైటు. సున్నపురాయి కడప, తాడిపత్రి వైపు పోతే గానీ దొరకదు. మంచి కలప ఎప్పుడూ ఖరీదే. రాయి మాత్రం ఇంటి వెనకే ఉంది. కాబట్టి ఈ సీమలో రాయి చేయని పని లేదు. ద్రాక్షతోటల్లో పందిళ్లను మోసేవి రాతి కూసాలు. పొలం గట్టున హద్దురాయి, పశువుల కొట్టానికి స్తంభం, బడికి కప్పు, ఇంటికి కప్పు, అన్నీ అదే. ఇంటి మీద పరిచే పొడవాటి పలకలను చప్పడి బండలంటారు. రెండడుగుల దాకా వెడల్పు, పదడుగుల దాకా పొడవు. గోడ మీద నుంచి గోడ మీదికి పక్కపక్కనే వేసుకుంటూ పోతారు. నడుమ వేలెడు సందు మిగులుతుంది.

ఆ సందు దగ్గర లెక్క వేసుకుందాం.

ఎండాకాలం మధ్యాహ్నం గాలి 36 డిగ్రీలున్నా, నల్లబడిన బండ పైభాగం 55 డిగ్రీల దాకా కాలుతుంది. పుష్యమాసం తెల్లవారుజామున అదే బండ 15 డిగ్రీలకు చల్లబడుతుంది. తేడా 40 డిగ్రీలు. గ్రానైటు ఒక్కో డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు ఎనిమిది వంతులు సాగుతుంది. మూడు మీటర్ల బండకు 40 డిగ్రీల తేడాలో ఇది దాదాపు ఒక మిల్లీమీటరు. వెడల్పు 60 సెంటీమీటర్లే కాబట్టి ఆ వైపు 0.19 మిల్లీమీటరు. అంటే బండల కొసలు కలిసే చోట సందు ఏడాదిలో ఒక మిల్లీమీటరు మేర విప్పారి ముడుచుకుంటుంది. పక్కలు కలిసే చోట అందులో ఐదో వంతు.

ఇంత చిన్న కదలికకు ఇల్లు కురుస్తుందా అనిపిస్తుంది. నీటి కొలత మన కొలత కాదు. 0.1 మిల్లీమీటరు పగులుంటే నీరు దానంతటదే అందులోకి పాకుతుంది. నిలువునా పెడితే దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కగలదు. పగులు వెడల్పు ఒక మిల్లీమీటరైతే ఆ పాకుడు ఒకటిన్నర సెంటీమీటర్లకు పడిపోతుంది, కానీ ప్రవాహం ఉధృతమవుతుంది. సన్నని పగుల్లో ప్రవహించే నీటి పరిమాణం వెడల్పు ఘనాన్నిబట్టి పెరుగుతుంది కనుక, వెడల్పు రెట్టింపైతే నీరు ఎనిమిది రెట్లు. సన్న పగులు నీటిని పీలుస్తుంది, పెద్ద పగులు కుమ్మరిస్తుంది. కంటికి ఆనని పగులును ఎవరూ పట్టించుకోరు. వాన వెలిసిన రెండో రోజు కూడా గోడ మీద తడిమరక పెరుగుతోందంటే తప్పు దానిదే.

ఇప్పుడు మనవాళ్లు ఆ సందులో నింపే సిమెంటు సంగతి. గట్టిపడిన సిమెంటు మాలును లాగితే, తన పొడవులో పదివేల వంతుల్లో ఒకటో ఒకటిన్నరో వంతు సాగి తెగిపోతుంది. అంటే పది మిల్లీమీటర్ల సందులో నింపిన సిమెంటు 0.001 మిల్లీమీటరు దాకా ఓర్చుకుంటుంది. సందు అడుగుతున్నది 0.19. కొసల దగ్గరైతే ఏకంగా ఒకటి. నూరింతలు, వెయ్యింతలు తేడా ఉన్నచోట మేస్త్రి పనితనాన్ని తిట్టి లాభం లేదు. సిమెంటు ఎక్కువ కలిపితే ఇంకా గట్టిపడుతుంది, ఇంకా ముందే పగులుతుంది. పోయినేడు పూసినదాని మీద ఈ ఏడు ఇంకో పూత వేస్తే కింది పగులు పై పూతలోకి ఎక్కి వస్తుంది. ఇంటి కప్పు మీద ఏళ్లతరబడి పేరుకున్న సిమెంటు గట్లు చూస్తే నాకు కోపం రాదు గానీ, ఆ డబ్బు దేనికి పెట్టి ఉండవచ్చో లెక్క మాత్రం మనసులో నడుస్తుంది.

సందును రంధ్రమనుకోవడమే అసలు చిక్కు. రంధ్రమైతే పూడిస్తే చాలు. సందు ఒక కదలిక. దాన్ని ఆపడం ఎవరివల్లా కాదు. దానితోపాటు సాగేదో, తెగినా తిరిగి అతుక్కునేదో అందులో పెట్టాలి.

తిరిగి అతుక్కునేవి పాతవాళ్ల దగ్గర రెండున్నాయి. మొదటిది చౌడు.

బాగేపల్లి వైపు, అక్కణ్ణుంచి సరిహద్దు దాటి హిందూపురం, పెనుకొండ దాకా పాత మట్టిమిద్దెలు ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కంపో రెల్లో పరిచి, పైన మట్టి తొక్కి, అన్నిటికంటే పైన చౌడుమట్టి పోస్తారు. వానలకు ముందు బండ్లతో చౌడు తోలి మిద్దె మీద కొత్త పొర వేయడం ఏటా ఉండే పని. పొలంలో చౌడు తేలితే రైతు తల పట్టుకుంటాడు. అక్కడ నీరు ఇంకదు, గింజ మొలవదు. అదే మట్టిని ఏరికోరి ఇంటినెత్తిన పెట్టుకోవడంలో ఉన్న తెలివి ఇది:

బంకమట్టి రేణువులు అతి పలుచని రేకులు. కొన్ని రకాల్లో ఒక్కో రేకు మందం ఒక నానోమీటరే. రేకుల మీద రుణావేశం ఉంటుంది. వాటిని దగ్గరగా పట్టి ఉంచేది నడుమనున్న ధనావేశపు అయాన్లు. మామూలు మట్టిలో ఆ పని ఎక్కువగా కాల్షియం చేస్తుంది. దానికి రెండు ఆవేశాలు, పట్టు గట్టిది. రేకులు గుంపులుగా, గుల్లగా ఉంటాయి. గుంపుల మధ్య నీరు ఇంకిపోతుంది. చౌడులో ఆ చోటు సోడియంది. దానికి ఒకే ఆవేశం, చుట్టూ నీటిని మోసుకు తిరిగే గుణం. తడి తగిలేసరికి పట్టు సడలి, తమలపాకుల కట్ట విప్పినట్టు రేకులు విడివడతాయి. విడివడినవి నీటితో కొట్టుకుపోయి కిందనున్న ప్రతి సన్నని రంధ్రంలోనూ అడ్డం పడతాయి. నీరు తన దారిని తానే మూసుకుంటుందన్నమాట. ఎండకు బీటలు వారిన చౌడుమిద్దె తొలివానకు నాలుగు చుక్కలు రాల్చి, మట్టి ఉబ్బాక మూసుకుంటుంది. పొలంలో రైతు జిప్సం చల్లేది దీన్ని తిరగబెట్టడానికే. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేసి రేకులను మళ్లీ గుంపులు కడుతుంది, మట్టి గుల్లబారుతుంది.

ప్రపంచమంతటా చెరువుల అడుగున, చెత్తగుంతల అడుగున, బోరుబావి గొట్టం చుట్టూ నీరు జారకుండా పోసే సోడియం బెంటొనైటు చేసేదీ ఈ పనే. చౌడుమిద్దె దానికి పల్లెటూరి చుట్టం.

చౌడు వల్ల కష్టాలు లేవనను. బరువు. ఏటేటా పొరలు చేరి దూలాలు వంగుతాయి. గడ్డి మొలుస్తుంది, ఎలుకలు తొలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఏటా పనిచేసే మనుషులు కావాలి. వాళ్లిప్పుడు బెంగళూరులో ఉన్నారు.

రెండోది సున్నపు గార. సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపి గానుగలో రుబ్బి, బెల్లపు నీరో కరక్కాయ నానబెట్టిన నీరో పోసి చేసిన గార. కాల్చిన ఇటుకపొడిని సుర్కీ అంటారు. అందులోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి నీటిలో కూడా గట్టిపడే పదార్థమవుతాయి. చిక్కబళ్లాపురం పక్కనే ముద్దేనహళ్లిలో, తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య హయాంలో, 1911లో పని మొదలైన కృష్ణరాజసాగర ఆనకట్టను కట్టింది ఈ సుర్కీ గారతోనే, సిమెంటుతో కాదు. నీరు ఇంకా నిలుస్తోంది.

గార సిమెంటుకన్నా మెత్తన. అయినా రబ్బరేమీ కాదు, అదీ పగులుతుంది. దాని గొప్పతనం పగిలాక చేసే పనిలో ఉంది. లోపల ఇంకా గట్టిపడని సున్నం కొంత మిగిలే ఉంటుంది. పగుల్లోకి దిగిన వాననీరు దాన్ని కరిగించుకుంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగలగానే అది సున్నపురాయి స్ఫటికాలుగా పగులు అంచులమీద పేరుకుంటుంది. 0.1, 0.2 మిల్లీమీటరు పగుళ్లు ఇలా పూడుకుపోతాయి. మన చప్పడి బండల పక్కసందుల కదలిక 0.19 అని చూశాం. ఈ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ పక్కసందులకు గార ఎందుకు సరిపోతుందో, కొససందులకు ఎందుకు చాలదో దీంతో తేలిపోతుంది.

కొససందుల్లో నడుమకాలంలో తారు పోశారు. ఎండలో కారి, చలిలో బిరుసెక్కి, కొన్నేళ్లకు ఆక్సిజన్ తిని పెళుసై రాలిపోతుంది. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

సాగే పదార్థం దొరకడానికి ఇరవయ్యో శతాబ్దం నడిమికి రావాలి. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిప్పింగ్ అనే రసాయనశాస్త్రవేత్త సిలికాన్ పరమాణువులతో కర్బన సమ్మేళనాలు తయారుచేస్తూ దశాబ్దాలు గడిపాడు. ఆయనకు కావలసినవి చక్కటి స్ఫటికాలు. పాత్ర అడుగున మిగిలిపోయే జిగురుముద్దలు ఆయనకు విసుగు. ఈ రంగానికి దగ్గర్లో పెద్ద భవిష్యత్తేమీ లేదని 1930ల్లో ఉపన్యాసంలోనే చెప్పాడు. 1940లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో యూజీన్ రోకో ఆ ముద్దలకు మూలపదార్థాన్ని చౌకగా చేసే దారి కనిపెట్టాడు. కిప్పింగ్ విసుక్కున్న జిగురే ఈరోజు చింతామణి హార్డ్‌వేర్ అంగడిలో ‘అన్నా, సిలికాన్ ఒకటి ఇయ్యి’ అంటే చేతికొచ్చే గొట్టం.

దాని వెన్నెముక సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల వరుస. ఇసుకలో, గ్రానైటులో ఉండే బంధమే అది. దాన్ని తెంచడానికి మోలుకు దాదాపు 450 కిలోజౌళ్లు కావాలి; ప్లాస్టిక్కుల్లో ఉండే కర్బనం–కర్బనం బంధానికి 350 చాలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మామూలు ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంటే సిలికాన్ ఏళ్లకేళ్లు మెత్తగా ఉండటానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం. మంచి రకం సిలికాన్ సందు వెడల్పులో నాలుగో వంతు అటూ ఇటూ సాగి ముడుచుకోగలదు. పది మిల్లీమీటర్ల సందులో రెండున్నర మిల్లీమీటర్లు. కొససందు అడిగేది ఒకటే.

అయితే అంగడిలో సిలికాన్ అని అడిగితే ఇచ్చేది సాధారణంగా చౌక రకం. మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే అది అసిటాక్సీ రకమని గుర్తు. గాలిలోని తేమను తీసుకుని గట్టిపడుతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. గాజుకూ గాజుకూ, మెరిసే టైలుకూ టైలుకూ అది బాగానే పట్టుకుంటుంది. సున్నపు గోడకు, సిమెంటుకు పూస్తే ఆ ఆమ్లం సున్నాన్ని తింటుంది. కొద్దిగా బొగ్గుపులుసు వాయువు, నడుమ ఒక బలహీనమైన కాల్షియం అసిటేటు పొర. నాలుగు రోజులకు సిలికాన్ రిబ్బను ఊడొస్తుంది, వెనక అంటిన సున్నపు పొడితో సహా. ఇనుప చువ్వలకైతే తుప్పు. గోడకు, రాతికి, లోహానికి ‘న్యూట్రల్’ అని రాసి ఉన్నది తీసుకోవాలి. ధర ఎక్కువే. అదీగాక సిలికాన్ మీద సాధారణంగా పెయింటు నిలవదు. పాత సిలికాన్ అవశేషాల మీద ఇంకో పదార్థమేదీ అంటదు, కొత్త సిలికాన్ కూడా శుభ్రంగా గీకాకే. గ్రానైటులో నూనె ఊరి అంచుల్లో చెదరని మరక పడే రకాలూ ఉన్నాయి. కిచెన్ గట్టు మీద ముందు మూలన ఒక చుక్క పెట్టి కొన్నాళ్లు చూడటం మంచిది.

పెయింటు వేయవలసిన చోటుకు, అంటే గోడకూ తలుపు చట్రానికీ నడుమ ఇంటి లోపలివైపు, ఎక్రిలిక్ చాలు. అందులోని నీరు ఆరిపోయి గట్టిపడుతుంది. నీరు పోయినంత మేరా కుంచించుకుంటుంది గనుక మొదటిసారి పూసినది లోపలికి గుంట పడితే కంగారు పడక్కర్లేదు, ఇంకో చేయి వేయాలి. నీరు నిలిచే చోట మాత్రం పెట్టకూడదు. మిద్దె మీద వేరుశనగ కాయలు ఆరబోసి, వాటి మీద నడిచి, పారతో గీరే ఇళ్లలో నేనైతే సిలికాన్ కన్నా పాలీయురిథేన్ వైపే మొగ్గుతాను. దానికి ఒరిపిడి ఓర్పు ఎక్కువ. ఎండకు పైపైన పొట్టు లేస్తుంది, తడి రాతి మీద పూస్తే లోపల బుడగలు వస్తాయి. ఆ రెండూ ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. ఎం-సీల్‌ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు ఇళ్లలో అన్ని రోగాలకూ అదే మందు. అది ఎపాక్సీ, గట్టిపడ్డాక రాయే. పైపు కీలుకు, తొట్టి పగులుకు సరైన వస్తువు. కదిలే సందుకు అది మరో సిమెంటు. బాత్రూము టైళ్ల మూలల్లో నింపే వైట్ సిమెంటు కథ కూడా అంతే: టైలుకూ టైలుకూ నడుమ పర్వాలేదు, గోడ, నేల కలిసే మూలలో ఏడాది తిరక్కుండా పగులుతుంది.

కొత్త ఇళ్లలో కదలిక ఇంకా ఎక్కువ, రాతి వల్ల కాదు. ఐదడుగుల యూపీవీసీ ప్లాస్టిక్కు కిటికీ చట్రం 30 డిగ్రీల తేడాకు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అల్యూమినియమైతే ఒకటి. చుట్టూ ఉన్న ఇటుకగోడ పావు మిల్లీమీటరు. కిటికీని గోడకు ఇరికించి చుట్టూ సిమెంటు పూసే అలవాటు చెక్క చట్రాల కాలం నాటిది, ప్లాస్టిక్కుకు పనికిరాదు.

సరైన గొట్టం కొన్నా, పూసే తీరు తప్పితే వృథా. పూతలో ముఖ్యమైనది ఆకారం. లోతైన సందును అడుగుదాకా సిలికాన్‌తో నింపితే అది ఇటు గోడకు, అటు గోడకు, అడుగుకు మూడుచోట్ల అంటుకుంటుంది. అడుగు పట్టుకుని ఉన్నప్పుడు పక్కలు విడిపోతే నడుమనున్న రబ్బరు సన్నబడే వీల్లేక ఒక అంచున చిరుగుతుంది. అందుకని ముందు సందులోకి నురగ తాడు దూర్చాలి. సందుకన్నా కొంచెం లావుగా ఉండి, బిగువుగా కూర్చునే పాలీఎథిలీన్ తాడు. సిలికాన్ దానికి అంటదు. ఇప్పుడు రబ్బరు రెండు పక్కలనే పట్టుకుని, నడుమ స్వేచ్ఛగా సాగుతుంది. మందం వెడల్పులో సగముంటే చాలు: పది మిల్లీమీటర్ల సందుకు ఐదు మిల్లీమీటర్ల మందం. పొదుపు కూడా. చింతామణిలో నురగ తాడు దొరక్కపోతే బెంగళూరులో దొరుకుతుంది. గోనెతాడు వద్దు, తేమ పీల్చి కుళ్లుతుంది.

పూత వేసిన తర్వాత అది ఆరే తీరులోనూ ఒక గణితముంది. సిలికాన్ పైనుంచి లోపలికి గట్టిపడుతుంది, ఎందుకంటే తేమ పైనుంచే లోనికి ఇంకాలి. మొదటి రోజు రెండు, మూడు మిల్లీమీటర్లు. అప్పటికే గట్టిపడిన పొరను దాటి రావాలి కాబట్టి తర్వాత వేగం తగ్గుతుంది: మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు. గాలిలో తేమ తక్కువుండే మన ఎండాకాలంలో ఇంకా ఆలస్యం. పైన చర్మం కట్టింది కదాని అదేరోజు నీరు పారించడం అందుకే తొందరపాటు.

ఎప్పుడు పూయాలి? ఈ ప్రాంతానికి ఏడాదికి పడేది సుమారు 750 మిల్లీమీటర్ల వాన; అందులో పెద్దభాగం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. మే నెలలో మామిడి కాయలు రాల్చే ఉరుములవానలు ముందే పలకరిస్తాయి. రాయి పొడిగా ఉండి, మరీ కాలకుండా, మరీ చల్లబడకుండా ఉండేది ఫిబ్రవరి, మార్చి ఉదయాల్లో. నడిమధ్యాహ్నం బండ పూర్తిగా సాగి సందు ఇరుగ్గా ఉన్నప్పుడు పూస్తే, ఆ రబ్బరు బతుకంతా లాగుడులోనే గడుస్తుంది. ఓ మోస్తరు వేడిలో పూస్తే కొంత సాగుడు, కొంత నొక్కుడు.

నాచు, దుమ్ము, పాత తారు గీకి, తీగబ్రష్‌తో తోమి, పొడి గుడ్డతో తుడిచాకే గొట్టం పట్టుకోవాలి. పనిలో ముప్పాతిక భాగం ఇదే, ఎవరికీ ఇష్టం లేనిదీ ఇదే. సందుకు రెండువైపులా పెయింటర్లు వాడే కాగితపు టేపు అంటించి, గొట్టం ముక్కును సందు వెడల్పుకు ఏటవాలుగా కోసి, గన్నులో బిగించి, ముందుకు తోస్తూ నింపాలి. పైపైన గీత గీస్తే గాలి చిక్కుకుంటుంది. నింపిన వెంటనే గుండ్రటి అంచున్న పుల్లతో లోపలికి నొక్కి, చర్మం కట్టకముందే టేపు పీకేయాలి. వంటింటి సింకు చుట్టూ పూసేటప్పుడు ముందు సింకును నీటితో నింపి పెట్టుకోండి. నీటి బరువుకు సింకు దిగినంత దిగి, సందు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. ఖాళీ సింకుకు పూస్తే మొదటిసారి గిన్నెలు వేసిననాడే లాగుడు మొదలు.

ఇక ఖర్చు. మన లెక్కలోని సందుకు మీటరుకు 50 మిల్లీలీటర్లు పడుతుంది. 280 మిల్లీలీటర్ల గొట్టం ఐదున్నర మీటర్లు వస్తుంది. ఇరవై అడుగుల చదరపు ఇంటికి చప్పడి బండలు రెండు వరుసలనుకుంటే, సందులన్నీ కలిపి 60 మీటర్లు, పదకొండు గొట్టాలు. చాలా ఇళ్లకు ఇది భారం. నా సలహా, అందులో నడిమిగోడ మీద బండల కొసలు కలిసే ఆరు మీటర్ల సందు ఒక్కదానికే మెత్తని పూత వేసి, మిగతా 54 మీటర్లకు సిమెంటు పెళ్లలు పీకి సున్నపు గార పెట్టడం. ఎక్కువ కదిలే చోట సాగేది, తక్కువ కదిలే చోట మానేది. పైగా కొససందు కురిస్తే ఆ నీరు నేరుగా నడిమిగోడలోకి దిగుతుంది, కాబట్టి డబ్బు పెట్టవలసింది అక్కడే.

గన్ను చేతికొచ్చాక కనబడిన సందునల్లా మూయాలనిపిస్తుంది. జరుపు కిటికీల కింది పట్టీలో చిన్న చీలికలుంటాయి. పట్టీలో పడిన వాననీరు బయటికి పోయే దారులవి. మూస్తే నీరు ఇంట్లోకి పొంగుతుంది. కింద నేలలోంచి తేమ ఎక్కే పాత రాతిగోడకు బయట అంతా సీలు చేస్తే ఆ తేమ లోపలివైపుకు తిరుగుతుంది. గ్యాసు గీజరున్న బాత్రూములో వెంటిలేటరును మూయడం అన్నిటికంటే ప్రమాదం. గాలి చాలక మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది; వాసన లేదు, రంగు లేదు, మనిషి లేవడు. సంపులో తాగునీటి వైపు బాత్రూము సిలికాన్ పూయకూడదు, అందులో బూజు రాకుండా విషం కలిపి ఉంటుంది. వెయ్యి అడుగుల లోతు నుంచి తోడిన నీటిలోకి దాన్ని ఊరనివ్వడం దేనికి?

సందుల విషయంలో ఈ సీమలో అందరికన్నా పట్టింపుగా ఉండవలసింది పట్టుపురుగులు పెంచేవాళ్లు. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టుకు చింతామణి తాలూకా నుంచి కూడా పంట పోతుంది. 1980లో ఊజీ ఈగ కర్ణాటకలో ప్రవేశించింది. అంతకుముందు అది బెంగాలు వైపు బెడద. ఆడ ఈగ పట్టుపురుగు ఒంటిమీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు చర్మం తొలిచి లోపలికి పోయి తింటుంది, గుడ్డు ఉన్నచోట నల్లమచ్చ మిగులుతుంది. పురుగు గూడు కట్టినా ఊజీ దాన్ని చిల్లి పొడిచి బయటికి వస్తుంది. చిల్లిపడిన గూటి నుంచి దారం తీయలేరు. కిటికీలకు తీగవల కొట్టాలని అందరికీ తెలుసు. వల చట్రానికీ గోడకూ నడుమ మిగిలిన వేలెడు సందు ఎవరికీ కనబడదు. సెంటీమీటరు పొడవున్న ఈగకు అది సింహద్వారం. దాన్ని న్యూట్రల్ సిలికాన్‌తోనో, చెక్క చట్రమైతే ఎక్రిలిక్‌తోనో మూయాలి.

నేల పగుళ్లది ఇంకో కథ. పట్టుపురుగు ఒళ్లు విడిచి బయటపడ్డ ఊజీ పురుగు చీకటి వెతుక్కుంటూ పాకి, నేల బీటల్లో, గోడ మూలల్లో దూరి ప్యూపాగా మారుతుంది. తర్వాతి పంటకు ఈగై లేచేది అక్కణ్ణుంచే. నేల పెద్దగా కదలదు కాబట్టి ఇక్కడ సిమెంటు మాలు చక్కగా సరిపోతుంది. సిమెంటు మీద నాకేమీ పగ లేదు. పంట తర్వాత బ్లీచింగు పౌడరు, ఫార్మలిన్ చల్లి షెడ్డును ఒక రోజు గాలి చొరకుండా మూసిపెట్టాలన్నా సందులు పూడి ఉండాలి. పురుగులున్నప్పుడు మళ్లీ గాలి ఆడాలి. ఎదిగిన పురుగుకు 24, 25 డిగ్రీల వేడి, 70 శాతం తేమ, ధారాళంగా గాలి కావాలి. కాబట్టి ఈ షెడ్డులో మూయవలసినవి సందులు, తెరవవలసినవి వెంటిలేటర్లు, రెండూ వేరు. పురుగులకు రసాయనాల ఆవిరి పడదు. మల్బరీ ఆకు మీద కాస్త పురుగుమందు తగిలినా చచ్చే ప్రాణులవి. సిలికాన్ గానీ పాలీయురిథేన్ గానీ పూయాలంటే పంటకూ పంటకూ నడుమ, వాసన పూర్తిగా పోయేటంత ఎడం ఉన్నప్పుడే.

గొట్టం కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. చాలా రకాలకు ఏడాదే ఆయుష్షు. పల్లె అంగట్లో రేకుల కప్పు కింద రెండు వేసవులు కాగిన గొట్టం పిండితే వస్తుంది, అంటదు. చుక్క తీసి కాగితం మీద పెట్టి మరునాడు చూస్తే తేలిపోతుంది. పొడిగా రబ్బరైతే మంచిది. జిగటగా వేలికి అంటితే ఆ గొట్టాన్ని అంగడికే తిరిగిచ్చేయండి.